నరం లాగించుకొచ్చిన ఏడాది

ఇది కూర్చుని రాస్తున్నాను. కూర్చుని అన్న మాట ఊరికే అనలేదు. నాలుగు నెలలకు పైగా నేను కూర్చున్నది లేదు, సరిగ్గా నిలబడ్డది లేదు. ఎడమ పక్కకి ఒత్తిగిలి, కుడి మోకాలు కడుపులోకి ముడుచుకుని అలాగే తిన్నాను, అలాగే పడుకున్నాను, నిద్ర పట్టనప్పుడు అలాగే గోడ మీద ఊడిన సున్నం పెచ్చులు లెక్కపెట్టాను. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. మొదటిసారి దాహమేసి. రెండోసారి లేవగలను కదా అని.

నేను ద్రాక్షారామానికి కోసు దూరంలో కాలువ మీద లాకు చూసే ఉద్యోగిని. కాలువలో నీటిమట్టం మారేచోట రెండు జతల తలుపుల మధ్య పడవని ఆపి, నీళ్లు నింపి పైకి ఎక్కించడమో, వదిలి కిందికి దించడమో మా పని. ఇప్పుడు మా లాకు దాటే పడవల వాళ్లందరికీ నా సంగతి తెలిసిపోయింది. ప్రతి పడవలోనూ నడుము పట్టేసినవాడో, తుంటివాతంతో కాలు ఈడ్చేవాడో ఒకడుంటాడు. "నరం లాగించుకున్నది తమరేనాండీ?" అని మొదలుపెడతాడు. నీళ్లు సమానమయ్యేలోపు చెప్పి ముగించగలిగిన కథ కాదు. సగంలో ఉండగానే పడవ వెళ్లిపోతుంది. అందుకే రాసి పెడుతున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఇప్పటికీ వంగినప్పుడు గుండె ఒక్క క్షణం ఆగుతుంది. జరిగిందంతా ఒకసారి వరసగా చెప్పుకుంటే అది కాస్త కుదుటపడుతుందేమోనని ఆశ.

*జ్యేష్ఠం*

ఏటా వేసవిలో కాలువ కట్టేసి మరమ్మతులు చేస్తారు. జ్యేష్ఠంలో మళ్లీ నీళ్లు వదిలాక వచ్చిన మొదటి పడవల్లో ఒకటి పెళ్లివారిది. సన్నాయి, పసుపు బట్టలు, నవ్వులు. సరిగ్గా అప్పుడే కొట్టుకొచ్చిన తాడి దుంగ ఒకటి పైతలుపుల సందులో ఇరుక్కుని తలుపులు మూసుకోనివ్వలేదు.

మా లస్కరు పోలయ్య నాకంటే పదేళ్లు పెద్ద. తలుపులు తోయడం, చక్రం తిప్పడం అతని పని. "ఉండండి బాబుగారూ, తాడేసి గట్టుమీంచి లాగుదాం. పావుగంట పని" అన్నాడు.

పావుగంట ఆగితే ఏమయ్యేది? ఏమీ కాదు. కానీ పడవలో ఆడవాళ్లంతా నావైపే చూస్తున్నారు. ఇది దాచను, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దీనివల్లే. నాకు ముప్పై నాలుగేళ్లు. బియ్యం బస్తా ఒంటిచేత్తో భుజానికెత్తుతానని నాకో పేరుండేది. గోడ మెట్లు దిగి, నడుమువరకూ నీళ్లలో నిలబడి, దుంగని కావిలించుకుని పైకెత్తాను. దుంగ వచ్చింది. పడవలోంచి ఎవరో "అబ్బో!" అన్నారు. అదే క్షణాన నా నడుములో ఎండిన కొబ్బరిమట్ట విరిగినట్టు ఒక చప్పుడు. బయటికి వినిపించిందో లేదో తెలియదు, నాకు మాత్రం వినిపించింది.

పెళ్లివారి పడవ కనుమరుగయ్యేదాకా నవ్వుతూనే నిలబడ్డాను. తర్వాత పోలయ్యతో, "పోలయ్యా, నన్ను కాస్త ఇంటికి తీసుకెళ్లు. ఎత్తుకునే తీసుకెళ్లాలి" అన్నాను.

*ఆషాఢం, శ్రావణం*

మర్నాటికి నొప్పి నడుము వదిలి తుంటిలోకి దిగింది. తుంటి నుంచి తొడ వెనగ్గా, పిక్క పక్కగా, మడమదాకా కాల్చిన తీగె దూర్చినట్టుండేది. దగ్గినా ముక్కినా ఆ తీగెను ఎవరో లాగేవారు. నాకు తుమ్ము వస్తోందంటే ఇంట్లోవాళ్లు చేతిలో పని ఆపి నిలబడిపోయేవారు.

ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను, మా అమ్మ, నా భార్య మాణిక్యం. వైద్యం చేసే ఆచారిగారు వచ్చి నూనెలిచ్చారు. వావిలాకు వేడినీళ్లు, ఇసుకమూట కాపడం, ఆముదం, పథ్యం. ఆయన మంచివాడు. "పక్షం రోజుల్లో లేస్తావయ్యా" అన్నారు. పక్షం అయ్యాక మళ్లీ పక్షం అన్నారు.

ఈలోపు లాకు ఎవరు చూడాలి? పోలయ్య తలుపులు తోయగలడుగానీ ఒక్కడివల్ల కాదు. రెండు వైపులా మనిషి ఉండాలి, నీళ్లు వదిలే షట్టర్లలో ఏది ఎప్పుడు ఎత్తాలో చూసి చెప్పేవాళ్లుండాలి. నేను లేవలేకపోతున్నానని పైకి తెలిస్తే ఇంకొకణ్ణి వేస్తారు. ఉద్యోగంతో పాటు ఉంటున్న ఇల్లూ పోతుంది.

నేను మంచం పట్టిన మూడో రోజు పొద్దున్నే మాణిక్యం చీర కుచ్చెళ్లు బిగించి కట్టుకుని, నా మంచం కిటికీ దగ్గరికి లాగించింది. "మీరు ఇక్కడినుంచి చెప్పండి. నేను చేస్తాను" అంది.

"ఏం చేస్తావు?"

"ఏడేళ్లుగా వంటింట్లోంచి చూస్తూనే ఉన్నానండి. పైతలుపు ముయ్యకుండా కింది షట్టరు ఎత్తకూడదు. అంతే కదా?"

అంతే. నాకు అది నేర్చుకోవడానికి ఒక కాలమంతా పట్టింది.

మొదటి రోజున నేను కిటికీలోంచి అరిచినదాంట్లో సగం అనవసరం. వారం తిరిగేసరికి అరవడం మానేశాను, అవసరం లేక. పడవ నడిపే సరంగులు మొదట్లో ముఖముఖాలు చూసుకున్నారు. తర్వాత "అమ్మగారూ, దింపుతారాండీ?" అని గట్టుమీదినుంచే పిలిచేవారు.

మా అమ్మకి ఇది కంటగింపుగా ఉండేది. "పడవలవాళ్ల ముందు కోడల్ని గోడెక్కించావు. పరువేం కావాలిరా సూరీ?" అనేది. మాణిక్యం వినీ విననట్టు పోయేది. ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. కంచాల చప్పుడు పెరిగింది. ఒకరోజు ఆ చప్పుడు భరించలేక చేతిలోని ఇత్తడి గ్లాసు గోడకేసి కొట్టాను. మాణిక్యం ఇంకా తడి చీరతోనే ఉంది. గ్లాసు ఏరి, సొట్ట చూసి, "విసిరే బలం ఉందన్నమాట. మంచిదే" అని లోపలికి వెళ్లింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం గోడకి తిరిగి ఏడ్చాను.

శ్రావణంలో ఓవర్సీయరుగారు గుర్రం మీద తనిఖీకి వచ్చారు. మాణిక్యం తలుపు తోస్తూ దొరికిపోయింది. ఆయన గోడ మీద చాలాసేపు నిలబడి ఒక పడవ ఎక్కడం, ఒకటి దిగడం చూశారు. తర్వాత గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి తొంగిచూడకుండానే అన్నారు: "లాకు బాగానే నడుస్తోంది. ఎవరు నడుపుతున్నారని నేనేమీ అడగలేదు. నువ్వూ చెప్పకు." వెళ్లబోతూ ఆగి, "రాజమండ్రి ఆస్పత్రిలో ఒక దొర ఉన్నాడట. తుంటివాతానికి తొడ కోసి నరాన్ని సాగదీస్తాడట. కనుక్కో" అన్నారు.

*భాద్రపదం*

కోసి నరం లాగడం అన్న మాట వినగానే అమ్మ చెవులు మూసుకుంది. "నరం తెగితే కాలు పోద్దిరా. చురకలేసేవాణ్ణి పిలిపిస్తా. ఇనుము కాల్చి నాలుగు వాతలు పెడితే మూడు రోజుల్లో పరిగెడతావని చెప్పాడు."

మాణిక్యం ఆ రోజు మొదటిసారి అత్తగారికి ఎదురు నిలబడింది. "ఈయన్ని కాల్చనివ్వనండి అత్తయ్యగారూ. కోయడానికైతే మత్తిస్తారు. కాల్చడానికి ఏమిస్తారు?"

ఇద్దరూ నావైపు చూశారు. నాకు రెండూ భయమే. ఎటూ చెప్పకుండా పది రోజులు గడిపాను. చివరికి తేల్చింది ఒక ఎర్రచీమ. అమ్మ నా దుప్పటి సవరిస్తూ, కుడిపాదం మీద చీమ పట్టుకుని ఉండడం చూసి తీసేసింది. కుట్టినచోట బొబ్బలు. నాకు ఏమీ తెలియలేదు. "కుట్టలేదా?" అంది అమ్మ. లేదన్నాను. వేలితో గిల్లింది. "ఇప్పుడు?" బొటనవేలు పట్టుకుని మెలిపెట్టింది. "ఇప్పుడురా?" ఆ సాయంత్రమే వెళ్లి తన చీరలు మూటకట్టుకుంది.

మాణిక్యం రావడానికి వీల్లేదు, లాకు ఉంది. వద్దన్న అమ్మే నన్ను కోయించడానికి తీసుకెళ్లవలసి వచ్చింది.

*ఆశ్వయుజం*

వరదలు తగ్గాక బయలుదేరాం. పడవలో గడ్డిపరుపు వేసి పడుకోబెట్టారు. ఎదురునీటిలో మనుషులు గట్టుమీంచి తాడుతో లాగుతుంటే పడవ మెల్లగా నడిచింది. దారిలో ఉన్న ప్రతి లాకు దగ్గరా నా తోటి ఉద్యోగులు వచ్చి పలకరించారు. ఒకాయన కూజాలో మజ్జిగ ఇచ్చాడు. ఒకాయన తలుపులు ఎంత నెమ్మదిగా తీయించాడంటే పడవ ఒక్కసారి కూడా గోడకి తగల్లేదు. అలా ఎక్కించడం ఎంత కష్టమో నాకు తెలుసు కనుక కళ్లు చెమర్చాయి. ధవళేశ్వరం దాటి రాజమండ్రి చేరేసరికి, గోదావరి మీద రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్నాయి. నేను పడుకునే ఉన్నాను కాబట్టి వాటి తలకాయలు మాత్రమే చూశాను.

ఆస్పత్రి వరండాలో రెండు రోజులు వేచి ఉన్నాం. నొప్పిని మించినది వేచి ఉండడం. ప్రతి చెప్పుల చప్పుడూ మనకోసమే వస్తున్నట్టుంటుంది. పక్క చాప మీద నరసాపురం వైపు నుంచి వచ్చిన కామయ్య అనే ముసలి జాలరి ఉండేవాడు. చేప ముల్లు గుచ్చుకుని అరచెయ్యి చీముపడితే కోశారట. కట్టుకట్టిన ఆ చేతిని బిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

"బయపడకండి బాబుగారూ. ఆ మందు ముక్కుకాడ పెడితే తియ్యటి వాసనొత్తాదండి. నేనైతే ఏట్లో వలేత్తన్నాననుకున్నానండి. ఇంత పెద్ద పండుగొప్ప పడింది. లాగుతున్నా, లాగుతున్నా... కళ్లు తెరిచేసరికి కోత అయిపోయిందండి. చేపా పోయింది. అదొక్కటే బాధండి."

నెలల తర్వాత గట్టిగా నవ్వాను. నవ్వితే నొప్పి లేచింది. అయినా ఆపబుద్ధి కాలేదు.

మూడో రోజు దొర వచ్చాడు, వెంట తెలుగు మాట్లాడే చిన్న డాక్టరుగారు. నా కాలు నిటారుగా ఎత్తబోతే కేక పెట్టాను. దొర తలూపి ఏదో చెప్పాడు. చిన్న డాక్టరుగారు తెలుగులో అన్నారు: "వెన్నులో ఎక్కడో ఏదో చెదిరి నరాన్ని నొక్కుతోందని ఆయన అనుమానం. అదేంటో మాకూ తెలియదండి. అక్కడిదాకా వెళ్లలేం. తొడ వెనక కోసి, నరాన్ని వేలితో పైకెత్తి సాగదీస్తే పట్టు వదులుతుంది."

అమ్మ మంచం కాళ్లదగ్గర నిలబడి అడిగింది. "తెగదు కదా బాబూ?"

"తెగదండి. వేలంత లావుంటుంది."

"ఎంత సాగదీస్తాడు? బెత్తెడా?"

ఆ మాట దొరకి చెప్పారు. ఆయన నవ్వలేదు. కట్టుగుడ్డ పీలిక ఒకటి రెండు చేతులతో పట్టుకుని, మధ్యలో చూపుడు వేలితో కొంచెం పైకెత్తి చూపించాడు. అమ్మ దగ్గరికి వెళ్లి, తనూ వేలు పెట్టి చూసింది.

"నా కొడుకు నడుస్తాడని ఆయన్ని మాటిమ్మను" అంది చిన్న డాక్టరుగారితో.

దొర పీలిక పక్కన పెట్టి చెప్పాడు. చిన్న డాక్టరుగారు ఒక్క మాట మార్చకుండా చెప్పారనే అనుకుంటున్నాను: "చాలామంది నడిచారు. కొందరికి నొప్పి మళ్లీ వచ్చింది. కొందరికి నావల్ల ఏ మేలూ జరగలేదు. మాటివ్వలేను. జాగ్రత్తగా చేస్తాను."

అమ్మ నావైపు తిరిగింది. "చురకలవాడు మూడు రోజులన్నాడు. ఆచారిగారు పక్షమన్నారు. తెలియదని చెప్పినవాడు ఈయనొక్కడే. చేయించుకోరా సూరీ."

మర్నాడు పొద్దున లోపలికి తీసుకెళ్లారు. వాసన నిజంగానే తియ్యగా ఉంది. అంకెలు లెక్కపెట్టమన్నారు. నేను పడవలు లెక్కపెట్టాను. ఆరో పడవ లాకులోకి వస్తుండగా నీళ్లు చల్లగా నా మీదుగా లేచాయి.

కళ్లు తెరిచేసరికి వార్డులో ఉన్నాను. "పైతలుపు మూశారా?" అని అడిగానట.

"మూశార్రా నాయనా, అన్నీ మూశారు. పడుకో" అంది అమ్మ.

వాంతులయ్యాయి, దాహమేసింది, తొడ వెనక కోత మండింది. కానీ ఆ మంట కొత్తది. పాతది, ఆ కాల్చిన తీగె, వెతికితే దొరకలేదు. తుంటిలో వెతికాను, పిక్కలో వెతికాను. లేదు. సంతోషించబోయి ఆగిపోయాను. కాలు కూడా లేనట్టే ఉంది. మోకాలి కింద నుంచి మొద్దు. పాదం వాలిపోయింది. చిన్న డాక్టరుగారు రోజూ వచ్చి, "వేలు కదపండి" అనేవారు. నేను నుదురు ముడివేసి, పళ్లు బిగించి కదిపేవాణ్ణి. కదిలేవి నా కనుబొమలే. "కొన్నాళ్లు ఇలా ఉంటుందండి" అనేవారాయన. ఆయన నాతో మాట్లాడుతూ అమ్మ ముఖం చూడకుండా జాగ్రత్తపడడం గమనించాను.

కామయ్యకి ఇంటికి వెళ్లొచ్చని చెప్పేశారు. అతను వెళ్లలేదు. "బాబుగారి ఏలు సంగతి తేలేదాకా ఉంటానండి" అని, నా మంచం దగ్గర గొంతుక్కూర్చుని, గాలం వేసి బెండు మునుగుతుందా అని చూసేవాడిలా నా బొటనవేలి మీదే చూపు పెట్టాడు. పూట గడిచింది. మరో పూట గడిచింది. ఐదో రోజు మధ్యాహ్నం, నేను ప్రయత్నించడం కూడా మానేసి మగతగా ఉన్నాను.

"కదిలింది!" అని కామయ్య లేచి గంతేశాడు. "బాబుగారూ, కదిలిందండి! ఆయ్! నా కళ్లతో చూశానండి!"

వార్డంతా మా వైపు తిరిగింది. గోడకి జారగిలబడి కునుకుతున్న అమ్మ ఉలిక్కిపడి లేచి, నా బొటనవేలు గుప్పిట్లో పట్టుకుంది. "మళ్లీ కదుపు." కదిపాను. ఆమె గుప్పిట్లో పిచ్చుకపిల్లలా కదిలింది. "మళ్లీ." కదిపాను. ఎన్నిసార్లు కదిపించిందో! ప్రతిసారీ నవ్వింది, ప్రతిసారీ ఏడ్చింది. అప్పుడే దొర వార్డులోకి వచ్చాడు. అమ్మ గబగబా ఎదురెళ్లి, ఆయన అందనంత పొడుగు కనుక మునివేళ్ల మీద లేచి, రెండు చేతులూ ఆయన ముఖం చుట్టూ తిప్పి తన కణతల దగ్గర మెటికలు విరిచింది. దొర బిక్కచచ్చిపోయి చిన్న డాక్టరుగారి వైపు చూశాడు.

"దిష్టి తీశారండి మీకు" అని ఆయన ఇంగ్లీషులో చెప్పారు కాబోలు. దొర ముఖం కందగడ్డలా ఎర్రబడింది. అమ్మకి తలవంచి దండం పెట్టాడు.

ఆ కబురు ఇంటికి పడవల మీద వెళ్లింది. "బొటనవేలు కదిలింది" అని నేను ఒక సరంగుకి చెప్పి పంపాను. అతను ధవళేశ్వరంలో చెప్పాడు. వాళ్లు కింది లాకుకి చెప్పారు. ఒక్కొక్క లాకు దగ్గరా నా ఆరోగ్యం కాస్త మెరుగవుతూ పోయింది. మా లాకు చేరేసరికి నేను లేచి గోదావరి గట్టున పరిగెడుతున్నానని తేలింది. తిరుగు పడవలో మాణిక్యం నుంచి జవాబొచ్చింది: "ఇక్కడంతా బాగుంది. ఓవర్సీయరుగారు రెండుసార్లు వచ్చారు, ఏమీ అడగలేదు. పరిగెత్తొద్దని చెప్పండి."

*కార్తీకం*

నడక మెల్లగా వచ్చింది. మొదట మంచం పట్టె పట్టుకుని, తర్వాత అమ్మ భుజం పట్టుకుని, తర్వాత కర్రతో. ఒకరోజు గోదావరి గట్టుదాకా వెళ్లి వంతెన స్తంభాల్ని మొదలు నుంచి చివరిదాకా చూశాను. అవతల కొవ్వూరు వైపు పొగమంచు విడిపోతోంది. కార్తీక స్నానాలు చేసేవాళ్లతో రేవంతా సందడి. ఎవరూ నన్ను పట్టించుకోలేదు. నడుస్తున్న మనిషిని ఎవరు పట్టించుకుంటారు? ఆ పట్టించుకోకపోవడం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఈ జబ్బుతో పడుకుని ఇది చదివించుకునేవాళ్లకి ఒక మాట. నాకు కుదిరింది మీకూ కుదురుతుందని నేను చెప్పను. దొరే చెప్పలేదు. పాదం తిమ్మిరెక్కి స్పర్శ తగ్గితే మాత్రం నాలా పది రోజులు ఆలోచిస్తూ కూర్చోకండి. భయమేస్తే వేసిందని ఇంట్లో చెప్పండి, గ్లాసులు విసరకండి. నా కుడిపాదం చిటికెనవేలి పక్కన ఇప్పటికీ కాస్త మొద్దుగానే ఉంటుంది. బియ్యం బస్తా జోలికి పోను. దుంగలకి తాడేసి పావుగంట ఆగుతాను.

ఇంటికి వచ్చిన రోజు చెప్పి ముగిస్తాను. మధ్యాహ్నం ఎండ కాలువ మీద తళతళమంటోంది. మా పడవ మలుపు తిరగ్గానే లాకు కనిపించింది. గోడమీద మాణిక్యం, అవతల పోలయ్య. వెనక ఇంకో రెండు పడవలు తొందరపెడుతున్నాయి. మా పడవ లాకులోకి జరిగింది. సరంగు గోడకి బల్ల వేశాడు. అమ్మ చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాను. బల్ల మీద ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ గోడమీదికి ఎక్కాను.

మాణిక్యం రెండు చేతులూ తలుపు దూలం మీద ఉన్నాయి. నన్ను తలనుంచి పాదాల దాకా చూసింది. కళ్లు నిండాయి. కానీ చేతులు తియ్యలేదు.

అమ్మ బల్ల దిగి వచ్చి, మూట కింద పెట్టి, కోడలి పక్కకి వెళ్లి తనూ తలుపు దూలం మీద చేతులు వేసింది. "ఎటు తొయ్యాలే?" అంది.

"ఇటండి అత్తయ్యగారూ. నెమ్మదిగా."

నేనూ ముందుకి అడుగేశాను. మాణిక్యం తల అడ్డంగా ఊపింది. "మీరొద్దు. పడవ దించాక వస్తాను. అందాకా మీరు అక్కడే నిలబడండి."

ఇద్దరూ కలిసి తలుపు తోశారు. నీళ్లు సుడులు తిరిగాయి. నేను ఎండలో, రెండు కాళ్ల మీదా, చెప్పినచోటే నిలబడ్డాను.